నాన్నగారిని డిస్నీల్యాండ్ లిల్లీ బెల్ పెట్టె ఎక్కించాలంటే

మీరు అడిగింది ఇదీ: కాజీపేట లోకో షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా రిటైరైన మీ నాన్నగారు జులైలో అమెరికా వస్తున్నారు. అనహైమ్ డిస్నీల్యాండ్‌లో పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలుకి లిల్లీ బెల్ అనే ప్రత్యేకమైన పెట్టె ఒకటి ఉందని విన్నారు. అందులో ఆయన్ని కూర్చోబెట్టాలి. టికెట్ ఎక్కడ కొనాలి, ఎన్నాళ్ల ముందు బుక్ చేయాలి? వెళ్లేది పిల్లలతో కలిపి ఏడుగురు.

ముందు అసలు జవాబు చెప్పేస్తాను. ఆ పెట్టెకి విడిగా టికెట్ అమ్మరు, ఆన్‌లైన్‌లో సీటు దొరకదు. నాకు తెలిసిన దారులు రెండే. పార్కు తెరవగానే మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌కి వెళ్లి, ప్లాట్‌ఫాం మీద ఉన్న కండక్టర్‌ని మర్యాదగా అడగడం ఒకటి. రైళ్ల చరిత్ర చూపించే గైడెడ్ టూర్‌లో ఆ పెట్టె ప్రయాణాన్ని కలిపి ఉంటే, ఆ టూర్ డబ్బు కట్టి బుక్ చేసుకోవడం రెండోది. ఏ సీజన్‌లో ఏ పద్ధతి నడుస్తుందనేది మారుతూ ఉంటుంది. అందుకని వెళ్లడానికి రెండు మూడు వారాల ముందు పార్కు టూర్స్ విభాగానికి ఫోన్ చేసి, “ఫలానా తారీఖున వస్తున్నాం, లిల్లీ బెల్ ఎక్కడానికి ప్రస్తుతం పద్ధతేమిటి?” అని అడగండి. ఫోన్‌లో ఏం చెప్పినా సరే, ఆ రోజు పొద్దున స్టేషన్‌లో మళ్లీ అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు కదా.

మేముండేది ఫుల్లర్టన్‌లో, అనహైమ్ పక్క ఊరే. పన్నెండేళ్లకు పైగా ఏడాది పాసు తీసుకుంటున్నాం. ఏటా వేసవిలో ఇండియా నుంచి ఎవరో ఒకరు దిగుతారు, వాళ్లని డిస్నీల్యాండ్ తిప్పే డ్యూటీ నాది. లిల్లీ బెల్ కోసం ఇప్పటికి పది పన్నెండు సార్లు అడిగుంటాను. ఎక్కింది నాలుగుసార్లు. ఇదీ లెక్క. ఆశ పెట్టుకోండి, కానీ నాన్నగారికి ముందే మాటివ్వకండి.

ఇంత మంచి పెట్టె పెట్టుకుని టికెట్ ఎందుకు పెట్టరని మా ఆయన ప్రతిసారీ అడుగుతారు. పెట్టె పుట్టుక తెలిస్తే ఆ సంగతి అర్థమవుతుంది. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు ఈ లైనులో పసుపురంగు ప్యాసింజర్ బండి ఒకటి ఉండేది, ఆరు పెట్టెలు. మన రైలు పెట్టెల్లాగే కొసల్లో గుమ్మాలు, లోపల సీట్ల వరసలు. చూడ్డానికి బాగానే ఉండేది గానీ జనం ఎక్కి దిగడానికి చాలాసేపు పట్టేది, కూర్చున్నాక బయటి దృశ్యం సరిగ్గా కనపడేది కాదు. పక్కలు తెరిచి ఉండే పెట్టెలైతే ఒక్కసారిగా అందరూ ఎక్కేస్తారు. అందుకని 1974లో ఆ పాత బండిని పక్కన పెట్టేశారు. దాని చివరి పెట్టె, ‘గ్రాండ్ కాన్యన్’ అనే అబ్జర్వేషన్ కోచ్‌ని, అంటే బయటి దృశ్యాలు చూసేందుకు కట్టిన పెట్టెని, మాత్రం ఉంచుకుని, పెద్దమనుషుల కోసం పార్లర్ కారుగా, అంటే కూర్చునే గదిలా అలంకరించిన పెట్టెగా, మార్చారు. వాల్ట్ డిస్నీ భార్య లిలియన్ పేరు మీద దానికి లిల్లీ బెల్ అని పేరు పెట్టారు. లోపలి అలంకరణలో ఆవిడ చెయ్యి కూడా ఉంది. 1975లో పార్కుకి వచ్చిన జపాన్ చక్రవర్తి హిరోహితో అందులో ప్రయాణించిన తొలి అతిథుల్లో ఒకరు.

అంటే అది మొదట్నుంచీ అతిథుల గది లాంటిది. పట్టేది డజను మంది, కాస్త అటూ ఇటూ. దాన్ని తగిలించాలంటే బండి వెనక ప్రత్యేకంగా జోడించాలి, లోపల ఒక ఉద్యోగి తోడుండాలి. పార్కు కిటకిటలాడే రోజున అంత మనిషిని, అంత సమయాన్ని పన్నెండు మంది కోసం కేటాయించడం కష్టం. రోజూ తగిలించకపోవడానికి ఇదే కారణం. “ఈ రోజు లేదండీ” అంటే వాదించకండి, నిజంగానే ఉండదు. షెడ్‌లో పని చేసిన మీ నాన్నగారికి ఇది మీకంటే తొందరగా అర్థమవుతుంది.

ఇక ఎలా అడగాలన్నది. నేను మొదటిసారి అడిగింది 2013లో, మా అమ్మానాన్న వచ్చినప్పుడు. అప్పట్లో పొద్దున్నే స్టేషన్‌లో పేర్లు రాసుకునేవాళ్లు. మేం పిల్లకి ఇడ్లీలు తినిపించి, పార్కింగ్ చేసి, లోపలికి చేరేసరికి పదకొండున్నర. ఆ రోజు పేర్లు ఎప్పుడో నిండిపోయాయి. తప్పు మాదే. రెండోసారి అలారం పెట్టుకుని లేచి, గేటు తెరవడానికి ముప్పావుగంట ముందే వరసలో నిలబడ్డాం. గేటు దాటాక అందరూ కోట వైపు పరిగెత్తుతుంటే మీరు ఎదురుగా ఉన్న మెట్లెక్కి స్టేషన్‌కి వెళ్లాలి. పార్కులో అడుగుపెట్టగానే కనపడే మొదటి భవనమే ఆ స్టేషన్, వెతుక్కోనక్కర్లేదు.

ఏడుగురికీ కలిపి అడగకండి. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. “నేను, మా నాన్నగారు, ఇద్దరమే. ఆయన ఇండియాలో ఆవిరింజన్ నడిపారు” అని చెప్పండి. ఇద్దరికి చోటు సర్దడం వాళ్లకి తేలిక, ఏడుగురంటే సగం పెట్టె. మిగతా వాళ్లు అదే బండిలో ముందు పెట్టెల్లో ఎక్కవచ్చు, ఒకే స్టేషన్‌లో దిగుతారు. ఆయన రైల్వే మనిషని చెప్పడం మర్చిపోవద్దు. సిఫార్సు కోసమని కాదు. ఆ స్టేషన్‌లో పనిచేసేవాళ్లలో రైలు పిచ్చి ఉన్నవాళ్లే ఎక్కువ, ఆ మాట వినగానే వాళ్ల మొహం వెలుగుతుంది. ఇంజన్ గురించి వాళ్లే ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. పెట్టె దొరక్కపోయినా ఆ కబుర్లు మిగుల్తాయి.

ఆ పొద్దున లేదంటే మధ్యాహ్నం ఇంకోసారి అడగండి. నాలుగుసార్లలో ఒకసారి నాకు అలాగే దొరికింది, మూడింటికి. ఉదయం అడిగిన మనిషినే వెంటపడి మళ్లీ మళ్లీ అడగడం మాత్రం బాగుండదు.

నేను చూసినంతలో వానరోజున దాన్ని బయటికి తియ్యరు. ఎండ మరీ మండిపోయే రోజున కూడా రాకపోవచ్చు. మీరు వచ్చేది జులై కాబట్టి పొద్దుటి పూటే నయం. ఇంకో సంగతి, నాన్నగారికి మోకాళ్లెలా ఉన్నాయో మీరు రాయలేదు. ఈ పెట్టె అసలు రైలు కొలతలకంటే చిన్నగా కట్టింది. మెట్లు, ఇరుకు గుమ్మం, పొడవాటివాళ్లు తల చూసుకోవాలి. వీల్‌చైర్‌తో ఎక్కే సదుపాయం వేరే పెట్టెల్లో ఉంది, దీన్లో కాదు. తిండి, కాఫీ కప్పులు లోపలికి తీసుకెళ్లకూడదు.

టూర్ దారి గురించి కూడా చెప్తాను. గ్రాండ్ సర్కిల్ టూర్ అని ఒకటి నడిపారు, రైళ్ల మీద వాల్ట్ డిస్నీకి ఉన్న ఇష్టం గురించి చెబుతూ తిప్పేది, అందులో లిల్లీ బెల్ ప్రయాణం భాగం. మా అత్తయ్యతో వెళ్లాను. పార్కు టికెట్ కాక టూర్ డబ్బు వేరే. గైడు చెప్పేదంతా ఇంగ్లీషులో, చెవికి ఇయర్‌ఫోన్. అత్తయ్యకి సగం అర్థం కాలేదు, నడక మాత్రం బాగా ఎక్కువైంది. నన్నడిగితే, అలాంటి టూర్ మీరొచ్చే తారీఖున ఉంటే, నాన్నగారు గంటల కొద్దీ నడవగలిగితే బుక్ చేయండి. సీటు ఖాయమనే నిశ్చింత ఉంటుంది. లేకపోతే పొద్దున్నే అడిగే పద్ధతే మేలు.

బుక్ చేసేముందు రైలు నడుస్తోందో లేదో చూడండి. పార్కు వెబ్‌సైట్‌లో మరమ్మతుల కోసం మూసేసినవాటి జాబితా ఉంటుంది. 2016 జనవరి నుంచి 2017 జులై దాకా, స్టార్ వార్స్ ప్రాంతం కట్టడం కోసం ఈ రైలు మొత్తం ఆపేశారు. ఆ సంగతి చూసుకోకుండా మా చిన్నాన్నని తీసుకెళ్లాను. ఇంజన్ ఒకటి స్టేషన్‌లో నిలబెట్టి ఉంటే దాని పక్కన ఫొటో దిగి వచ్చేశాం.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. డిస్నీ వాళ్లకి లిల్లీ బెల్‌లు మూడున్నాయి. మొదటిది వాల్ట్ డిస్నీ తన పెరట్లో వేసుకున్న బుల్లి రైలు ఇంజన్, అసలు ఇంజన్‌లో ఎనిమిదో వంతు. 1950లో అది నడిచేది. భార్య పూలమొక్కలు పాడవుతాయని ఆ పట్టాల కోసం తొంభై అడుగుల సొరంగం తవ్వించాడు. పైగా పెరట్లో రైలు నడుపుకునే హక్కు కోసం ఇంట్లోవాళ్లతో కాగితం కూడా రాయించుకున్నాడు! ఆ ఇంజన్ ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో డిస్నీ కుటుంబ మ్యూజియంలో ఉంది. రెండోది ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ రైలుకి కట్టే పెద్ద ఆవిరింజన్. మీరడిగే పెట్టె మూడోది, అది కాలిఫోర్నియాలో మాత్రమే ఉంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే మా ఆయన ఫ్రెండొకాయన ఓర్లాండో వెళ్లి, అక్కడి స్టేషన్‌లో “లిల్లీ బెల్ ఎక్కాలి” అని అడిగాడు. ఎదురుగా ఇంజన్ మీద ఆ పేరు రాసుంది, ఇంజన్ ఎక్కనివ్వరేమిటని ఈయన. పాపం, అరగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదట.

మా మామయ్యగారిని ఎక్కించిన రోజు చెప్తాను, మీకు ఉపయోగపడుతుంది. ఆయన గుంతకల్లులో గార్డుగా చేసి రిటైరయ్యారు, మీటర్ గేజ్ రోజుల నుంచీ. 2015లో వచ్చారు. నేనూ ఆయనా, ఇద్దరమే ఎక్కాం. లోపల ముదురు ఎర్ర వెల్వెట్ సీట్లు, మహాగని చెక్క పలకలు, పైకప్పు కింద వరసగా రంగుల గాజు కిటికీలు. ఎండ పడినప్పుడు ఆ రంగులు చెక్క మీద జారుతూ పోతాయి. గోడకి డిస్నీ కుటుంబం ఫొటోలు. మిగతావాళ్లు సీట్లలో వెనక్కి వాలి ఫొటోలు తీసుకుంటున్నారు. ఈయన సీటు అంచున నిటారుగా కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి పార్కు మ్యాపు వెనకాల ఏదో రాస్తున్నారు. ఏమిటా అని చూస్తే బండి బయల్దేరిన టైము, ప్రతి స్టేషన్‌లో చేరిన టైము, ఆగిన నిమిషాలు. చుట్టు మొత్తం పూర్తయ్యేసరికి ఆ మ్యాపు వెనక బాకీ లేకుండా గార్డు జర్నల్ తయారైంది. దిగేటప్పుడు కండక్టర్‌కి దాన్ని చూపిస్తే అతను నవ్వలేదు, పూర్తిగా చదివి సెల్యూట్ చేశాడు. ఆ మ్యాపు ఇప్పుడు గుంతకల్లులో బీరువాలో ఉంది.

అయితే ఇంటికొచ్చాక మామయ్యగారు మాట్లాడింది వెల్వెట్ సీట్ల గురించి కాదు. అందుకే మీకు నా సలహా, నాన్నగారి రోజు మొత్తం ఆ పెట్టె మీదే పెట్టకండి. బండి నడిపిన మనిషికి చూడాల్సినవి ఇంజన్ దగ్గర ఉన్నాయి.

డిస్నీల్యాండ్‌లో ఆవిరింజన్లు ఐదు. మొదటి రెండూ, సి.కె. హాలిడే, ఇ.పి. రిప్లీ, పార్కు కోసం డిస్నీ వాళ్లే కట్టించుకున్నారు. మిగతా మూడూ నిజంగా ఎక్కడో చాకిరీ చేసి వచ్చినవి. ఫ్రెడ్ గర్లీ 1894 నాటిది, లూసియానాలో చెరకు మోసింది. వార్డ్ కింబాల్ 1902ది, ఎర్నెస్ట్ మార్ష్ 1925ది. ఈ మూడింటినీ తయారు చేసింది ఫిలడెల్ఫియా బాల్డ్విన్ కంపెనీ. ఈ ముక్క నాన్నగారికి తప్పకుండా చెప్పండి. మన బ్రాడ్ గేజ్ మీద పరిగెత్తిన డబ్ల్యూపీ ఇంజన్లు, ఆ తూటా లాంటి ముక్కున్నవి, వాటిలో మొట్టమొదటి బ్యాచ్ 1947లో వచ్చింది బాల్డ్విన్ నుంచే. ఫైర్‌మన్‌గా ఆయన పార పట్టింది డబ్ల్యూపీలోనే అయితే, ఇక్కడి ఇంజన్లు వాటికి మేనత్తల వరస. పక్కన నిలబడినప్పుడు బాయిలర్ వైపు చూడమనండి, తయారీదారు పేరున్న పలక ఎక్కడుంటుందో ఆయనకి మీరు చెప్పనక్కర్లేదు.

బొగ్గు మాత్రం కనపడదు. ఈ ఇంజన్లు నూనెతో మండుతాయి. 2009 నుంచి పార్కు వంటశాలల్లో వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిల్ పోస్తున్నారు. మామయ్యగారు ప్లాట్‌ఫాం మీద గాలి పీల్చి, “బజ్జీల బండి పక్కన నిలబడ్డట్టుందే” అన్నారు. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, మూడడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. మన మీటర్ గేజ్ కంటే కాస్త తక్కువ, మన రెండున్నరడుగుల నారో గేజ్ కంటే ఎక్కువ. ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇదే అవుతుంది, జవాబు దగ్గరుంచుకోండి.

లైను పొడవు మైలుంపావు లోపే, చుట్టు తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. స్టేషన్లు నాలుగు. బండి గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కాబట్టి వంపులన్నీ కుడికే ఉండేవి. 2017లో లైను మార్చినప్పుడు నది పక్కన తొలిసారిగా ఎడమ వంపు వచ్చింది. మీకూ నాకూ ఇది ఏమీ కాదు గానీ ఆయన గమనిస్తారు. న్యూ ఆర్లియన్స్ స్క్వేర్ స్టేషన్‌లో దిగి కాసేపు ఆగండి. నీళ్ల ట్యాంకు అక్కడే ఉంది. ఎదురుగా చిన్న పాత డిపో లోంచి టెలిగ్రాఫ్ టకటకలు వినిపిస్తాయి. ఊరికే పెట్టిన చప్పుడు కాదది. పార్కు తెరిచిన రోజు వాల్ట్ డిస్నీ చదివిన మాటల్ని పాత అమెరికన్ మోర్స్‌లో, అంటే చుక్కలు గీతల టెలిగ్రాఫ్ కోడ్‌లో, కొడుతున్నారు. మన రైల్వేల్లో వాడిన మోర్స్‌కీ దానికీ కొన్ని అక్షరాల్లో తేడా ఉంది. మామయ్యగారు కళ్లు మూసుకుని విని, “వీళ్ల కోడ్ తేడాగా ఉందమ్మా” అన్నారు. నేను తర్వాత వెతికితే గానీ తెలియలేదు ఆయన అన్నది నిజమేనని. ఆ స్టేషన్ దాటి చివరి దాకా కూర్చుంటే ఆఖర్న సొరంగంలో గ్రాండ్ కాన్యన్, రాక్షసబల్లులు వస్తాయి, పిల్లలకి అదే పెద్ద పండగ.

ఇంకో కోరిక కూడా అడగొచ్చు. ఇంజన్ వెనక నీళ్లు, ఇంధనం మోసే టెండర్‌లో, డ్రైవరు భుజం మీదుగా చూసేట్టు, ఇద్దరు కూర్చునే చిన్న చోటుంది. మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లోనే అడగాలి. ఇదీ ఆ రోజు వీలుని బట్టే. ఎక్కడం లిల్లీ బెల్ కంటే కష్టం, వేడి, చప్పుడు. రెండింట్లో ఒకటే దొరికే పరిస్థితి వస్తే మాత్రం, మీ నాన్నగారికి నేనైతే టెండర్ సీటే అడుగుతాను. వెల్వెట్ సీటు చక్రవర్తులకి బాగుంటుంది, ఇంజన్‌కి ఆవిరి వదిలే రెగ్యులేటర్ పిడి మీద చెయ్యేసి బతికినాయన ఎదురుగా రెగ్యులేటర్ కనపడేచోట కూర్చోవాలి.

రెండూ దొరక్కపోతే? అందుకోసం ఒక ఆదివారం ఖాళీగా పెట్టుకోండి. లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో లైవ్ స్టీమర్స్ రైల్వే మ్యూజియం ఆవరణలో వాల్ట్ డిస్నీ పెరటి కొట్టం ఉంది. ఆ బుల్లి రైలుని ఆయన నడిపించిన చోటు అదే, 1999లో అక్కడికి తెచ్చి నిలబెట్టారు. నెలలో మూడో ఆదివారం తెరుస్తారు, ప్రవేశం ఉచితం. డిస్నీల్యాండ్ పాత పసుపు బండిలోని పెట్టె కూడా ఒకటి అక్కడుంది. అంటే లిల్లీ బెల్‌కి తోబుట్టువన్నమాట. అక్కడుండే వాలంటీర్లు ముసలి రైలు పిచ్చోళ్లు, మీ నాన్నగారి వయసు వాళ్లు. భాష సగం సగం వచ్చినా ఇంజన్ దగ్గర ఎవరికీ ఆ ఇబ్బంది ఉండదు. అనహైమ్ నుంచి ముప్పై అయిదు మైళ్లుంటుంది, ఆదివారం పొద్దున ట్రాఫిక్ టెన్షన్ తక్కువే. మీ జులై టికెట్ల తారీఖుల్లో మూడో ఆదివారం పడేట్టు చూసుకుంటే రెండూ కుదుర్తాయి.

చివరగా, ఇంట్లో అందరికీ బయల్దేరే టైము అసలు టైముకంటే అరగంట ముందుగా చెప్పండి. నాన్నగారికి మాత్రం అసలు టైమే చెప్పండి. లేదంటే డ్యూటీ ఎక్కినట్టు తెల్లవారుజామున నాలుగింటికే బూట్లేసుకుని హాల్లో కూర్చుంటారు, మా మామయ్యగారు అలాగే కూర్చున్నారు.